ఊరి పక్క గుట్టను, దాని మీద బతికే జీవాలను కాపాడుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో రాయి అరుదు. అమలాపురం నుంచి అంతర్వేది దాకా ఎక్కడ తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమట్టి తగులుతాయి. మా అమ్మమ్మగారింట్లో రుబ్బురోలు కూడా ఎగువ నుంచి పడవ మీద వచ్చిందేనని చెప్పేవారు. రాయి చూడాలంటే డెల్టా తల దగ్గరికి రావాలి. ధవళేశ్వరం ఇసుకరాయి కొండ, కాటేరు నల్లరాయి, ఇంకాస్త ఎగువన కోరుకొండ, తూర్పున పెద్దాపురం పాండవుల మెట్ట, నది దాటితే పంగిడి వైపు గుట్టలు. కాటేరులో, పంగిడిలో కనిపించే నల్లరాయి దక్కన్ పీఠభూమిని కప్పిన లావాయే. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందట పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికొచ్చి ఆగిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పుడు ధవళేశ్వరం కొండనే పగలగొట్టి ఆ రాయిని నదిలో దింపారు. మన చేలకు నీళ్ళు పారడానికి ఆ కొండ అరిగింది.

మిగిలిన గుట్టల మీద రాతి తొండలు, ఉడుములు, కొండచిలువలు, ముళ్ళపందులు, గబ్బిలాలు, పెద్ద గుడ్లగూబలు బతుకుతున్నాయి. వీటిలో కొన్ని వరిచేలోకో కొబ్బరితోటలోకో మారి బతకలేవు. నది మధ్య లంక ఎలాంటిదో, పచ్చటి చేల మధ్య గుట్ట వాటికి అలాంటిది. ఆ గుట్ట పోతే పక్క గుట్టకి వెళ్ళడానికి వాటికి దారి ఉండదు. మీ ఊరి పక్కన అలాంటి రాతి జాగా ఒకటుంటే, అది అరెకరం బండే అయినా, దాన్ని ఎలా నిలుపుకోవచ్చో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు నెల రోజులు చూడండి

ఏ పనీ మొదలుపెట్టకుండా ముందు వెళ్ళి కూర్చోండి. పొద్దున్నే ఎండ బండల మీద పడే వేళకి చేరుకుని, ఒక చోట కదలకుండా అరగంట కూర్చుంటే చాలు. మొదట ఏమీ కనపడదు. తర్వాత మీరు రాయి అనుకున్నదే తల ఎత్తుతుంది. రాతి తొండ అది. మామూలు రోజుల్లో బండ రంగులోనే ఉంటుంది. జతకట్టే కాలంలో మగదాని తల, మెడ ఎర్రబారి, వెనక భాగం నల్లబడుతుంది. బండ కొసన నిలబడి ముందుకాళ్ళ మీద బస్కీలు తీసినట్టు ఒళ్ళు పైకీ కిందకీ ఊపుతుంది. ఆ బండ తనదని పక్క మగవాటికి చెప్పడం అది. ఏ తొండ ఏ బండ మీద ఉంటుందో రెండు వారాలు చూస్తే మీకే గుర్తు పట్టడం వస్తుంది.

జంతువు కనపడకపోయినా దాని జాడ కనపడుతుంది. నిటారు బండకి కిందుగా తెల్లటి రెట్ట చారలు, వాటి కింద బొచ్చూ సన్నటి ఎముకలూ కలిసిన ఉండలు ఉంటే పైన గుడ్లగూబ ఉన్నట్టే. ఒక ఉండని పుల్లతో విప్పితే ఎలుక దవడ పళ్ళతో సహా బయటపడుతుంది. నలుపూ తెలుపూ పట్టీలున్న ముల్లు దొరికితే ముళ్ళపంది. నెర్రెలోంచి ఘాటైన వాసన వస్తూ కింద నల్లటి గింజల్లాంటి రెట్ట పోగుపడి ఉంటే గబ్బిలాలు. పాము కుబుసం ఏ పగుల్లో చిక్కుకుందో కూడా రాసుకోండి.

ఒక మామూలు నోటుబుక్కు చాలు. తేదీ, వేళ, ఎక్కడ, ఏమిటి. ఫోన్‌లో ఫోటో తీస్తే లొకేషన్ ఆన్ చేసి తీయండి, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లోనో, పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్‌లోనో పెట్టేవాళ్ళు గుడ్లగూబ గూడు ఉన్న చోటు మాత్రం బయటపెట్టొద్దు. చేతబడి పేరు చెప్పి గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, దీపావళి ముందు ఆ బేరాలు పెరుగుతాయి.

బూట్లు వేసుకుని వెళ్ళండి, చీకటి పడితే టార్చి ఉండాలి, కనపడని సందులో చెయ్యి పెట్టకూడదు. రక్తపింజర కదలకుండా పడుకుని ఉంటే ఎండుటాకులకీ దానికీ తేడా తెలియదు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం లాంటివేవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళాలి.

రాయి ఎత్తకండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మనం తెలియక ఎక్కువగా చేసే తప్పు కూడా ఇదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బండ మీద పొరలు పొరలుగా లేచిన పలకలు చూసే ఉంటారు. ఎండకి కాగి, వానకి తడిసి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం విడివడిన పొర అది. ఆ పలకకీ కింద బండకీ మధ్య ఉండే సందు ఒక వేలు మందం కూడా ఉండదు. తొండ, బల్లి, తేలు, జెర్రి, పాము పిల్ల ఇల్లు అదే. అందులో ప్రతి సందూ పనికిరాదు. పలక మరీ పలుచనైతే మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. మరీ మందమైతే కిందికి వెచ్చదనం చేరదు. మధ్యరకం పలక పగలు మెల్లగా వేడెక్కి, రాత్రి చాలాసేపటి దాకా ఆ వెచ్చదనాన్ని వదలదు. సొంతంగా ఒంట్లో వేడి పుట్టించుకోలేని జీవికి ఆ పలకే పొయ్యి, అదే పైకప్పు. సందు మరీ వెడల్పైతే ముంగిస మూతి దూరుతుంది. అంటే మందం, సందు, ఎండ పడే దిక్కు ఈ మూడూ సరిగ్గా కుదిరిన పలకలు గుట్ట మొత్తం మీద కొన్నే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మీరు ఎత్తి, చూసి, మళ్ళీ పెట్టినప్పుడు రెండు అంగుళాలు పక్కకి జరిగినా అది ఇక పాత పలక కాదు.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. కొన్నేళ్ళ కిందట మా వీధి పిల్లల్ని గుట్టకి తీసుకెళ్ళి, ఉత్సాహం కొద్దీ ఒక పలక లేపి చూపించాను. కింద తెల్లటి బల్లి గుడ్లు రెండు, రాతికి అంటుకుని, చిన్న బఠాణీ గింజల్లా ఉన్నాయి. పక్కన చీమలు గుడ్లు నోట కరుచుకుని పరుగులు పెట్టాయి. పిల్లలు ఎంత సంబరపడ్డారో! జాగ్రత్తగానే తిరిగి పెట్టాం అనుకున్నాను. వారం తర్వాత వెళ్ళి ఒంగి చూస్తే పలక ఒక వైపు ఎత్తుగా నిలిచి, సందులోంచి అవతలి వెలుగు కనపడుతోంది. రాతి మీద గుడ్ల మచ్చలు మాత్రమే మిగిలాయి. ఆ రోజు నుంచి పిల్లలకి టార్చి వేసి సందులోకి చూడటం నేర్పుతున్నాను. బుగ్గ నేలకి ఆనించి టార్చి పక్కగా పట్టుకుంటే, రాయి కదపకుండానే లోపల మెరిసే కళ్ళు కనపడతాయి.

కాబట్టి మీ ఊళ్ళో మొదట చెప్పాల్సిన మాట రాయి కదపొద్దని. ఫోటోల కోసం రాయి మీద రాయి పేర్చడం, మొక్కు తీరాలని చిన్న రాళ్ళతో ఇల్లు కట్టడం, బైకు ఎక్కించడానికి దారి చదును చేయడం, ఇంటి ముందు అలంకారానికి నాచు పట్టిన రాళ్ళు డిక్కీలో వేసుకుని రావడం, ఇవన్నీ కదపడమే. కడియపులంక నర్సరీలకు వెళ్ళి తోట కోసం రాళ్ళు కొనేటప్పుడు ఈ రాయి ఎక్కడిదని ఒక్క మాట అడగండి. రంపం కోతో క్వారీ పగులో ఉన్న రాయి వేరు. ఎండా వానా తిని, నాచు పట్టి, అంచులు గుండ్రబడిన రాయిని మాత్రం ఎవరో ఏదో గుట్ట మీద నుంచి ఎత్తుకొచ్చారు. దాన్ని కొనకండి.

బండ మీద మొక్కలు నాటొద్దు

ఈ మాట వింటే చాలామందికి కోపం వస్తుంది. కానీ బోడి బండ అంటే పనికిరాని జాగా కాదు. వనమహోత్సవం అనగానే గుట్టకి వెళ్ళి గుంతలు తీయడం, విత్తన బంతులు విసరడం మానుకోవాలి. గుంత తీస్తే పలకలు కదులుతాయి. మొక్క బతికితే నీడ పడి బండ చల్లారిపోతుంది, ఎండ కాచుకునే తొండ ఆ బండ వదిలేస్తుంది. బండ సందుల్లో వాటంతట అవే పెరిగే బొమ్మజెముడు, కుందేటి కొమ్ములు, రేగు, సీతాఫలం, గడ్డి చాలు. మొక్కలు నాటాలని ఉంటే గుట్ట కింద కాలువ గట్టు ఉంది, బడి ఆవరణ ఉంది.

తీసేయాల్సిన మొక్కలు వేరే ఉన్నాయి. పులికంప అని కొన్ని ఊళ్ళలో పిలిచే లంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ. ఇవి గుట్ట అంచుల నుంచి పాకి బండలను కప్పేస్తాయి. వయ్యారిభామని పూత రాకముందే చేత్తో, గ్లౌజులు వేసుకుని పీకేయాలి. లంటానాని మట్టం దాకా నరికితే మళ్ళీ చిగురిస్తుంది, అందుకే వేరు మొదలుకి కొంచెం కిందుగా గునపంతో కోసి ఎత్తాలి. రాతి సందులో వేరు దిగి ఉంటే లాగొద్దు, రాయి వచ్చేస్తుంది. అక్కడ కోసి, చిగురు వచ్చినప్పుడల్లా మళ్ళీ కోయడమే. ఒకేసారి మొత్తం గుట్ట శుభ్రం చేయాలనుకోకండి, ఆ పొదల్లోనే కుందేళ్ళూ పిట్టలూ దాక్కుని ఉంటాయి. ఏడాదికి ఒక వైపు చాలు. కలుపు మందు మాత్రం వాడొద్దు, వాన పడితే అది బండ గుంటల్లోకే దిగుతుంది.

నిప్పు అసలు పెట్టకూడదు. మాఘం దాటాక ఎండుగడ్డికి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. పచ్చగడ్డి బాగా వస్తుందనో, పాములు పోతాయనో చెబుతారు. ఉడుము పరుగెత్తి బొరియలో దూరుతుంది, కానీ పొగ అక్కడికీ వస్తుంది. వేడికి పలకలు టపటపా పగిలి రాలిపోతాయి, అవి మళ్ళీ తయారు కావడానికి మన తరాలు చాలవు.

బండ గుంటల్లో నీళ్ళు

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడితే బండ మీద పళ్ళెమంత గుంటలు నిండుతాయి. రెండు మూడు రోజుల్లో కప్పలు గుడ్లు పెట్టేస్తాయి. ఎండిపోయే లోపు తోకకప్పలు కాళ్ళు తెచ్చుకుని బయటపడాలి, అది వాటి పందెం. ఆ గుంటలను సిమెంటుతో మెత్తొద్దు, లోతు చేయొద్దు. దోమలు వస్తాయని గంబూసియా చేపలు తెచ్చి వదలొద్దు, అవి కప్పల గుడ్లనీ తోకకప్పల్నీ కూడా తినేస్తాయి. అక్కడ గిన్నెలు తోమొద్దు, బట్టలు ఉతకొద్దు.

గుడి ఉన్న గుట్ట

మన వైపు కొంచెం ఎత్తైన గుట్ట ఉంటే దాని మీద దేవుడు ఉంటాడు. కోరుకొండలో నరసింహస్వామి, గోదావరి మధ్యలో పట్టిసీమ కొండ మీద వీరభద్రుడు. గుడి ఉండబట్టే చాలా గుట్టలు క్రషర్ నోట్లో పడకుండా మిగిలాయని నేను నమ్ముతాను. అందుకని పూజారిగారినీ గుడి కమిటీ పెద్దల్నీ మొదటి నుంచే కలుపుకుని వెళ్ళండి. వాళ్ళకి పాఠం చెప్పినట్టు మాట్లాడొద్దు. గుడ్లగూబ ఎక్కడ కూర్చుంటుందో వాళ్ళకి మనకంటే బాగా తెలిసి ఉంటుంది.

అడగాల్సినవి కొన్నే. మెట్ల దారి దాటి బండలకి సున్నం, రంగులు వేయొద్దని. ఫోకస్ లైట్లు బండల వైపు కాకుండా మెట్ల మీదకి తిప్పి, గుడి మూసే వేళకి ఆర్పేయమని. టపాసులు, మైకులు కొండ వెనక వైపుకి వెళ్ళనీయొద్దని. ఈ చివరిది ఎందుకంటే పెద్ద గుడ్లగూబ గూడు కట్టదు, బండ అరుగు మీద నేలమీదే మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని కాలం. గుడ్డు పిల్ల కావడానికి 33 రోజుల వరకు పడుతుంది. సంక్రాంతికో శివరాత్రికో పెద్ద చప్పుడు పక్కనే అయి తల్లి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. ఆ నెలల్లో ఆ అరుగు వైపు మనుషులు వెళ్ళకుండా ఒక తాడూ ఒక బోర్డూ పెట్టిస్తే చాలు. రైతులకి ఈ విషయం ఎలుకల లెక్కలో చెప్పండి. ఎలుకలు పట్టేవాళ్ళకి డబ్బిచ్చి చేలో బుట్టలు పెట్టిస్తున్నాం, గుడ్లగూబ అదే పని రాత్రంతా ఊరికే చేస్తుంది. పందికొక్కుని సైతం ఎత్తుకుపోతుంది.

కార్తీక వనభోజనాలయ్యాక మిగిలిన అన్నం, ఎంగిలి విస్తళ్ళు కిందికి తెచ్చేయాలి. ఎంగిలి ఉన్న చోటికి కుక్కలు చేరతాయి, అన్నం అయిపోయాక అవి ఉడుముల్నీ కుందేళ్ళనీ తరుముతాయి.

గుట్ట ఎవరిదో కాగితం మీద చూడండి

గుట్టని రెవెన్యూ రికార్డులో ఏమని రాశారన్న దాని మీదే దాని భవిష్యత్తు ఉంటుంది. సర్వే నంబరు కనుక్కుని మీభూమి పోర్టల్‌లో అడంగల్ చూడండి, గ్రామ సచివాలయంలో ఎఫ్ఎంబీ, అంటే ఆ నంబరు కొలతల పటం, అడగండి. పోరంబోకా, దేవదాయ భూమా, రిజర్వు ఫారెస్టా, ఎవరి పట్టానా అన్నది తేలితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేలుతుంది.

తర్వాతి పని పంచాయతీలో. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ నోటుబుక్కులో ఉన్నదంతా ఆ రిజిస్టరులోకి ఎక్కించమని అడగండి. గ్రామసభలో తీర్మానం చేయించి మినిట్స్‌లో రాయించండి. మరీ విశేషమైన చోటైతే అదే చట్టం 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించే వీలుంది. దానికి ఏళ్ళు పడుతుంది, అయినా దరఖాస్తు మొదలుపెట్టి ఉంచండి.

క్వారీ గానీ గ్రావెల్ తవ్వకం గానీ మొదలైతే వెళ్ళి టిప్పర్లకి అడ్డం నిలబడొద్దు. ఒంటరిగా అసలు వెళ్ళొద్దు. లీజు ఎంత విస్తీర్ణానికి ఇచ్చారు, హద్దు రాళ్ళు ఎక్కడున్నాయి, పర్యావరణ అనుమతి ఉందా, అందులో షరతులు ఏమిటి అని సమాచార హక్కు చట్టం కింద గనుల శాఖకి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. హద్దు దాటి తవ్వుతుంటే తేదీతో ఫోటోలు తీసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకోండి. ఉడుము, కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అవి అక్కడ ఉన్నాయని మీ దగ్గర ఫోటో ఉంటే అటవీ శాఖ కూడా కదలాల్సి వస్తుంది. ఇవేవీ కుదరకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. అక్కడికి వెళ్ళిన రోజు మీ పాత నోటుబుక్కు విలువ తెలుస్తుంది.

కోనసీమలో ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

మా ఊళ్ళో గుట్టే లేదు కదా అంటారు. కానీ గుట్టలు తగ్గిపోవడానికి పల్లపు ఊళ్ళలో మెరక చేయడం కూడా ఒక కారణం. ఇల్లు కట్టేటప్పుడు సైటంతా గ్రావెల్‌తో నింపకుండా, ఇంటి పునాది వరకు ఎత్తు చేసుకుని, మిగిలిన పెరడు ఉన్న మట్టంలో ఉంచండి. పాత ఇల్లు పడగొట్టిన ఇటుక ముక్కలు, సున్నం గడ్డలు మెరకకి వాడండి. తగ్గించిన ప్రతి లారీ ఎగువన ఎక్కడో ఒక గుట్టని కొంతకాలం నిలుపుతుంది.

కాలువ గట్లకి, ఏటి ఒడ్డుకి పేర్చిన పాత రాతి కట్టడాలు చూడండి. ఆ రాళ్ళ సందుల్లో ఉడుములు ఉంటాయి, గౌతమి దిగువన కోరింగ వైపు నీటికుక్కలు కూడా అలాంటి సందుల్లో పిల్లల్ని పెట్టుకోవచ్చు. మరమ్మతు అనగానే మొత్తం సిమెంటుతో పూసేయమని అడగకండి. జారిన రాళ్ళు తిరిగి పేర్పించి, నీటి దెబ్బ తగిలే చోట మాత్రం సిమెంటు వేయించమని అడగవచ్చు.

మీ కొబ్బరితోట మూలలో చిన్న రాళ్ళకుప్ప కూడా పెట్టుకోవచ్చు. గుట్ట రాయి తేకూడదు. పాత పునాది రాళ్ళు, విరిగిన కడప బండలు, పూడిపోయిన నూతి వరల ముక్కలు పనికొస్తాయి. ఇంటికి 40 అడుగుల దూరంలో, పొద్దుటెండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే చోట, కొంచెం మెరక మీద, మోకాలెత్తున పేర్చండి. పెద్ద రాళ్ళు అడుగున, వాటి మీద పలకలు, మధ్యమధ్యలో వేలు పట్టే సందులు వదలండి. మట్టి, సిమెంటు వేయొద్దు. పేర్చాక మళ్ళీ సర్దొద్దు. అరణలూ గోదురు కప్పలూ మొదట వస్తాయి. పాములు కూడా రావచ్చు, అందుకే ఇంటికి దూరంగా పెట్టమన్నాను, పిల్లలు ఆడుకునే చోటుకి కూడా దూరంగానే ఉండాలి.

రోహిణి కార్తె ఎండలు అయ్యాక మొదటి పెద్ద వాన పడిన మర్నాడు, నోటుబుక్కు పట్టుకుని గుట్టకి వెళ్ళండి. ఏడింటికల్లా అక్కడ ఉండాలి. నిరుడు తొండ కూర్చున్న బండలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ, ఎన్నిటి మీద మళ్ళీ తొండ ఉందో లెక్క రాసుకోండి.